రెండవ భాగపు దయ్యము

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



శుభమా యని వార్షికోత్సవము జరుపుకొనుచుండగా దయ్యముల ప్రస్తావన యేల యని మీలో కొందరు నొసలు చిట్లింపవచ్చును. కారణము చెప్పెదము. ఈ యేడు ఏడవ తరగతి పిల్లలను, మీకు తోచిన కథ నొకదానిని తెలుగులో వ్రాయుడని కోరితిమి. వచ్చిన కాగితములలో చాలవానియందు కథ ఒక్కటియే. పాడుబడిన బంగళా, అందులో తాళము వేసిన గది, కొత్తగా దిగిన పెద్ద కుటుంబము, పిరికివాడైన వంటమనిషి, రాత్రి గజ్జెల చప్పుడు, వెనుకటి కాలమున అన్యాయముగ చంపబడిన యొక స్త్రీ, తుదకు గుడిలో ఉత్సవము, పెద్ద పాట, దయ్యము పలాయనము. ఒక బాలుడు కథ ముగించి, దాని క్రింద "రెండవ భాగము త్వరలో" అని కూడ వ్రాసెను. చదివి మేము నవ్వితిమి. నవ్విన తరువాత ఆలోచింపవలసి వచ్చెను.

బాలుని తప్పేమియు లేదు. వాడు చూచినదే వ్రాసెను. అయితే వాడు చూచినది ఎవరు, ఎందుకు, ఎట్లు తయారుచేయుచున్నారో తల్లిదండ్రులు ఎరిగియుండుట మంచిది.

ఈ వరుస మన యొద్ద పుట్టినది కాదు. 1931వ సంవత్సరమున అమెరికాలో యూనివర్సల్ సంస్థవారు డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టయిన్ అను రెండు చిత్రములను విడుదల చేసిరి. ఈ రెండవదానికి మూలము మేరీ షెల్లీ అను ఆంగ్ల రచయిత్రి 1818లో ప్రచురించిన నవల. ఒక విద్యార్థి శవభాగములను కూర్చి ప్రాణము పోయును. లేచినదాని వికారమును చూచి తానే జడిసి పారిపోవును. నవలలోని ఆ వికృతప్రాణిని గూర్చి మనవంటి పాఠశాలవారు ప్రత్యేకముగ గమనింపవలసిన విషయ మొకటి కలదు. అది మూగది కాదు. ఒక కుటుంబము నివసించు ఇంటి ప్రక్కన దాగియుండి, ఆ యింటివారు పరదేశమునుండి వచ్చిన యువతి యొకతెకు తమ భాష నేర్పుచుండగా, గోడ సందునుండి విని తానును నేర్చుకొనును. మిల్టను కావ్యమును, ప్లూటార్కు వ్రాసిన మహాపురుషుల చరిత్రలను చదువును. తన్ను పుట్టించినవానితో, నన్నెందుకు విడిచితివని న్యాయవాదివలె వాదించును.

1931 చిత్రములో ఆ ప్రాణికి మాట తీసివేసిరి. అయినను బోరిస్ కార్లాఫ్ అను నటుడు కన్నులతోడను చేతులతోడను దాని దుఃఖమును తెలిపెను. 1935లో అదే దర్శకుడు జేమ్స్ వేల్ రెండవ భాగము తీసెను. అందులో గ్రుడ్డివాడైన యొక వృద్ధుడు దానిని తన కుటీరములోనికి చేర్చుకొని, రొట్టె, మంచి, మిత్రుడు వంటి నాలుగు మాటలు నేర్పును. మొదటి భాగము కంటె ఇదియే మేలని పలువురు విమర్శకులు అందురు. మా అభిప్రాయమును అదియే. కావున రెండవ భాగమన్నంత మాత్రమున దూషింపదగినదని మేము చెప్పబోవుట లేదు.

తరువాత జరిగినది వేరు. 1938లో పాత చిత్రములు రెండింటిని కలిపి లాస్ ఏంజలిస్‌లోని ఒక హాలువారు మరల ప్రదర్శింపగా జనము విరగబడి వచ్చిరి. పాత సరకునకు కొత్త గిరాకి కలదని నిర్మాతలు గ్రహించిరి. 1939లో మూడవ భాగము వచ్చెను. రెండవ భాగములో నేర్చిన నాలుగు మాటలను అందులో ఆ ప్రాణి పూర్తిగ మరచిపోయినది! ఎందుకు మరచెనని ఎవరును చెప్పలేదు. కార్లాఫ్ ఆ చిత్రముతో ఆ వేషమును వదలివేసెను. 1944లో ఆ వరుసలోనే మరల నటించెను గాని, అది శాస్త్రజ్ఞుని పాత్ర. వికృతవేషము మరియొకరికి పోయెను.

ఆ ప్రాణి చావులను లెక్కించితిమేని వినోదముగ నుండును. మొదట గాలిమర తగులబడి చచ్చినదనిరి. క్రిందనున్న నీటిగుంటలో బ్రతికియున్నదట. పిమ్మట ప్రయోగశాల ప్రేలిపోయెను, శిథిలములలో దొరకెను. కాగుచున్న గంధకపు మడుగులో పడెను. గంధకము గడ్డకట్టి కాపాడెనట. మరల మంట, ఆపై ఆనకట్ట తెగి వరద, ఆపై ఊబి. ప్రతి చిత్రమును పూర్వచిత్రపు చావును రద్దుచేయుటతో ప్రారంభము కావలసినదే. 1943 నాటి చిత్రములో ఒక విచిత్రము జరిగినది. అంతకు ముందు చిత్రము చివర ఆ ప్రాణికి చూపు పోయినది. కాబట్టి నటుడు బేలా లుగోసీ గ్రుడ్డివానివలె చేతులు ముందుకు చాచి తడుముకొనుచు నడచెను. చిత్రీకరణము ముగిసిన పిదప దాని సంభాషణలన్నియు కత్తిరించిరి. గ్రుడ్డితనమును తెలుపు మాటలును వానితో పోయినవి. కారణము పోయి నడక మాత్రము మిగిలెను. నేటికిని అంబత్తూరు వీథులలో దయ్యమాట ఆడు పిల్లలు చేతులు చాచి నడచుట మీరు చూచియుందురు. ఎవరి నడకయో, ఎందుకట్లు నడచెనో వారికి తెలియదు.

ఈజిప్టు మమ్మీ చిత్రముల సంగతి చెప్పనక్కరలేదు. 1944లో వచ్చిన యొక చిత్రములో ఆ శవము అమెరికా ఈశాన్యమున ఒక బురదగుంటలో మునిగినది. అదే యేడు వచ్చిన తరువాతి భాగములో వందల మైళ్ల దూరమున దక్షిణమునందలి లూసియానాలో తేలినది. అడుగువారు లేరు. 1948 నాటికి ఆ భూతములలో కొన్ని ఇద్దరు హాస్యగాండ్రను వెంటాడుటకు పనికివచ్చినవి. పదునేడేండ్లలో భయము నవ్వులాట యయ్యెను.

ఇక మన యూరి మాట. తెలుగు చిత్రసీమ చిరకాలము ఈ చెన్నపట్టణముననే వర్ధిల్లినదని మీకు వేరుగ చెప్పవలెనా? వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారై 1951లో వెలువడిన పాతాళభైరవిలో మాంత్రికుడు చచ్చును; శిష్యుడు సంజీవనితో బ్రతికించును; మరల కథ నడచి ముగియును. చచ్చినవాడు తిరిగి వచ్చుట ఒకే కథలో, ఒకే టిక్కెట్టుపై జరిగిపోయినది! అంతటి విజయము పొందియు విజయావారు దానికి రెండవ భాగము తీయలేదు. విఠలాచార్యగారి చిత్రములలో అస్థిపంజరములు, మంత్రగత్తెలు, మోహినులు చిత్రము తరువాత చిత్రములో అవే వచ్చుచుండుట నిజమే. 1978 నాటి జగన్మోహినిలో కాలిని పొయ్యిలో కట్టెవలె పెట్టి వంట చేసిన దయ్యమును ఎవరు మరచిరి? అయినను ఆయన సామగ్రి పాతదైనను ప్రతి కథను క్రొత్తగ మొదలుపెట్టి అక్కడికక్కడ ముగించెడివారు. ఆ మర్యాదను మేము గౌరవింతుము.

మనము నిదానముగ చూడవలసినది చంద్రముఖి వంశమును. 1993లో మలయాళమున ఫాజిల్ దర్శకత్వమున మణిచిత్రతాళ్ అను చిత్రము వచ్చినది. దానినే 2004లో పి. వాసు కన్నడమున ఆప్తమిత్రగను, 2005లో తమిళమున చంద్రముఖిగను తీసెను. మౌంటు రోడ్డునందలి శాంతి థియేటరులో చంద్రముఖి 800 దినములకు మించి ఆడినది. 2007లో హిందీలోను వచ్చెను. ఈ చిత్రములన్నిటికిని ప్రాణమువంటి విశేషమేమనగా, వీనిలో దయ్యము లేదు. పాత బంగళాలోని నర్తకి కథను విన్న ఒక ఇల్లాలు, చిన్ననాటి మనోవేదన కారణముగ, తానే ఆ నర్తకినని భావించును. ఆమెను గుర్తించువాడు మానసిక వైద్యుడు. మంత్రవేత్త యొకడు వైద్యునికి తోడ్పడును గాని, రోగమును రోగమనియే చెప్పుదురు. ఆమె స్వస్థురాలై భర్తతో ఇల్లు చేరును. దయ్యపు చిత్రమని భయపడుచు వెళ్లినవాడు, ఇది దయ్యము కాదని తెలిసికొని తిరిగివచ్చును. ఇట్టి కథ మన దక్షిణదేశపు జనసామాన్యము నడుమ రెండేండ్లకు పైగా ఆడుట సామాన్యమైన మేలు కాదు.

మరియొక సంగతి మనవంటి భాషాల్పసంఖ్యాకులు ప్రత్యేకముగ గమనింపదగినది. మలయాళ చిత్రములో ఆ నర్తకి తంజావూరినుండి వచ్చినది, తమిళము మాటాడును. కన్నడ తమిళ చిత్రములలో ఆమె తెలుగుది. తమిళ చిత్రములోని ఆమె పాట తెలుగులోనే ఉన్నది. తమిళ చిత్రమును తెలుగులోనికి మార్చినప్పుడు ఆమె తమిళము మాటాడెను. హిందీలో వంగదేశీయురాలు. ఏ నాటనైనను దయ్యము పొరుగు భాషలోనే మాటాడును! 2005లో మన వీథులలో బడికి పోవుచుండిన పిల్లలు నేడు తల్లిదండ్రులై ఈ సభలో కూర్చున్నారు. ఇంటిలో తెలుగు మాటాడగా విని, తోటివారు ఆ పాటలోని పిలుపుతో తమ్ము ఆటపట్టించిన దినములు వారికి జ్ఞాపకముండును. ఇందు ద్వేషమేమియు లేదు. మూలకథలో దానికి హేతువు కూడ కలదు: బలవంతముగ పరనాటికి తేబడి, తన భాష మాటాడువారు లేని మేడలో బందీయైన ఆడుది ఆమె. భాష ఆమె ఒంటరితనమునకు గుర్తు. నవలలో గోడ సందునుండి భాష నేర్చిన ఆ వికృతప్రాణి మనకు ఇచ్చట జ్ఞప్తికి రాకమానదు.

ఇంత మంచి మూలమునకు తరువాత పట్టిన గతిని చూడుడు. కన్నడమున ఆప్తరక్షక, తెలుగున నాగవల్లి, రెండును 2010లోనే వచ్చినవి. హిందీలో 2022, 2024 సంవత్సరములలో రెండవ మూడవ భాగములు వచ్చినవి. 2023లో వాసుగారే చంద్రముఖి రెండవ భాగము తీసిరి. ఇందులోను, 2022 నాటి హిందీ చిత్రములోను దయ్యము నిజమైన దయ్యమే. వైద్యుని శ్రమ యంతయు వ్యర్థమైనది. మొదటి భాగము దేనిని కాదని నిరూపించెనో, దానినే రెండవ భాగము ఔనని చాటెను. గ్రుడ్డితనము పోయి నడక మిగిలినట్లు, ఇచ్చట రోగము పోయి గజ్జెలు మిగిలినవి. సినిమాయే కదా యని విడిచిపుచ్చవచ్చునా? మా మాట యొక్కటి వినుడు.

2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన యొక పాక తగులబడినది. 28 మంది మరణించిరి. వారిని గొలుసులతో కట్టియుంచినందున పారిపోలేకపోయిరి. వారిని అచ్చటికి చేర్చినవారు క్రూరులు కారు. మందు కంటె మహిమయే రోగమును కుదుర్చునని నమ్మిన కన్నవారు, తోబుట్టువులు. గొలుసులు కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. కాని చట్టము వీథిలోని మాటను నిషేధింపజాలదు. ఎదిగిన ఆడపిల్ల పరీక్షలకు ముందు నిదురపోక, అన్నము ముట్టక, తనలో తాను మాటాడుకొనుచుండిన, గాలి సోకినదను మాట నేటికిని వినబడుచున్నది. ముందు తాయెత్తు, పిమ్మట విభూతి, ఆరు మాసములు గడచిన పిదప వైద్యుడు. ఆ ఆరు మాసములే విలువైనవి. మనకు కొద్ది దూరముననే కీల్పాక్కములో 1794 నుండి మూలము గల మానసిక ఆరోగ్య సంస్థ కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపక్షమున ఉచితముగ సలహా చెప్పుదురు. ఈ సంఖ్యను మీలో ప్రతివారును వ్రాసికొని పోవలెనని మా ప్రార్థన. అవసరము రాకున్న మంచిదే.

తక్కిన వరుసలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన పట్టణముననే లారెన్సుగారి ముని 2007లో మొదలై, కాంచన అను పేరుతో 2011, 2015, 2019 సంవత్సరములలో సాగినది. వీనిలో 2011 నాటి చిత్రమును మేము వేరుగ పెట్టుదుము. తమిళులు తిరునంగై యని గౌరవముగ పిలుచు వర్గమునకు చెందిన పాత్రను శరత్ కుమార్ గంభీరముగ నటించెను, ఆ దయ్యపు కోపమునకు న్యాయము కలదు. పిదప అది అచ్చులో పోసిన బొమ్మ యయ్యెను. సుందర్ సి. గారి అరణ్మనై 2014 నుండి 2024 వరకు నాలుగు భాగములు నడచినది. తెలుగున చంద్రకళ, కళావతి, బాక్ అని పేర్లు మార్చిన మాత్రమున మేడ మారలేదు. హైదరాబాదువారు రాజుగారి గది మూడు మారులు తెరచిరి. 2014 నాటి గీతాంజలి 2024లో మళ్ళీ వచ్చినది. ఆ సంగతిని పేరులోనే ఒప్పుకొన్నందుకు సంతోషము.

అట్లయిన చెప్పినదే చెప్పుట దోషమా? కాదు. పిల్లలు చెప్పిన కథనే చెప్పుమందురు; ఒక్క మాట మార్చినను ఒప్పుకొనరు. మన పురాణములలోను దుష్టులు తిరిగి వత్తురు. జయవిజయులు హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగను, రావణ కుంభకర్ణులుగను, శిశుపాల దంతవక్త్రులుగను పుట్టిరి. అయితే ఆ పుట్టుకకు శాపము కారణము; మూడు జన్మములని హద్దు; పిదప స్వస్థానము. రాకడకు హేతువును, పోకడకు అంతమును ముందే చెప్పబడినవి. నేటి నిర్మాతల పద్ధతి రక్తబీజునిది: నేల రాలిన ప్రతి బిందువునుండి మరియొకడు లేచును. కాళి ఆ రక్తమును నేల తాకనీయలేదు. ప్రేక్షకుడు టిక్కెట్టు డబ్బును నేల తాకనిచ్చుచున్నాడు, అంతే భేదము.

అంతకంటె చక్కని ఉదాహరణము మన చేతిలోనే కలదు. 1947 జూలైలో ఈ మదరాసుననే పుట్టిన చందమామలో దశాబ్దముల తరబడి బేతాళ కథలు వచ్చినవి. శంకర్ గారి బొమ్మయు, ప్రారంభమును ముగింపును ఎప్పుడును అవియే: చెట్టు, శవము, భుజము, మౌనభంగము, మరల చెట్టు. సంస్కృత మూలములో ఉన్నవి 25 కథలే. చందమామవారు ఆ లెక్కను ఎన్నడో దాటి, క్రొత్తవి కల్పించుచు పోయిరి. ఇంతకంటె పొడవైన వరుస భూతముల కథలలో మరెక్కడను మాకు కనబడలేదు. అయినను విసుగు పుట్టలేదు. ఏలయన, ప్రతి కథ చివర బేతాళుడు ఒక ప్రశ్న వేయును: ఇరువురిలో ధర్మాత్ముడెవడు, త్యాగి యెవడు, ఆమె ఎవరి భార్య? పుస్తకము చదువుచున్న తాతగారు అచ్చట ఆగి, నీవు చెప్పుమని మనుమని వైపు చూచెడివారు. శవము మోయు పని రాజుది. ఆలోచించు పని పిల్లవానిది. చట్రము మారకపోవుటచేతనే లోపలి ధర్మసందేహము స్పష్టముగ కనబడెడిది. పాడుబంగళా చిత్రములలో ప్రశ్న లేదు. హఠాత్తుగ పెద్ద చప్పుడు కలదు.

తల్లిదండ్రులారా, చిత్రములు చూపవద్దని మేము అనుట లేదు. అనినను జరుగునా? ఎస్టేటులో రెండవ షిఫ్టునకు పోయిన తండ్రి రాత్రి పదునొకండు గంటలకు గాని ఇల్లు చేరడు. తల్లి వంటపనిలో నుండును. ఫోను పిల్లవాని చేతిలో నుండును. థియేటరులో నైనచో ద్వారమువద్ద ఆపువాడొకడు ఉండును. ఫోనునకు ద్వారము లేదు. 2023 నాటి చట్టసవరణము తరువాత యూఏ ధ్రువపత్రములకు 7, 13, 16 ఏండ్ల గుర్తులు వచ్చినవి. ఆ అంకెను చూచి, చిత్రము నడుచునపుడు ప్రక్కన కూర్చుండుడు. ముగిసిన పిదప ఆ కథను తెలుగులో చెప్పుమని పిల్లవానిని అడుగుడు. ఆ దయ్యమునకు జరిగిన అన్యాయమేమి? చేసినవాడెవడు? ఆనాడే ఒకరు అడ్డుపడియున్న ఏమయ్యెడిది? ఇవి బేతాళ ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటకు మాటలు కావలెను. ఆ మాటలకొరకు పిల్లవాడు తడుముకొనును. తమిళము చక్కగ నేర్చుచున్నారు, నేర్వవలసినదే. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. అయితే భయమును, జాలిని, న్యాయమును తల్లితో చెప్పుకొనుటకు తెలుగు మాటలు చాలక మన బిడ్డ ఆగిపోయినచో, రెండవ భాగములో నేర్చి మూడవ భాగములో మరచిన ఆ ప్రాణి గతియే కదా!

రెండవ భాగము త్వరలో అని వ్రాసిన బాలుని పిలిచి, ఆ రెండవ భాగమును నిజముగనే వ్రాసి తెమ్మంటిమి. ఒక్క నియమము పెట్టితిమి: దయ్యము తన కథను తానే చెప్పుకొనవలెను. పదునైదు దినములు తీసికొనెను. దయ్యము తన చెల్లెలి పెండ్లికి పోలేకపోయినదని వ్రాసెను. గజ్జెల చప్పుడు లేదు. ఆ కథ ఈ సంచికలోనే వేరుగ అచ్చయినది. తప్పులు కొన్ని దిద్దితిమి గాని కథను ముట్టలేదు.

మా గ్రంథాలయమున పాత చందమామ సంపుటములు కొన్ని కలవు. అట్టలు ఊడినవానిని మరల కుట్టించితిమి. వచ్చు మాసమునుండి ప్రతి శనివారము సాయంకాలము నాలుగు గంటలకు ఒక బేతాళ కథ చదువుట జరుగును. ఉపాధ్యాయులే చదువవలెనను నియమము లేదు. తల్లులు, తండ్రులు, తాతలు, అవ్వలు ఎవరు వచ్చినను సంతోషము. ప్రశ్న దగ్గర పుస్తకము మూసివేసి, పిల్లలు చెప్పువరకు ఆగవలెనని మాత్రము మనవి. పేరు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత ద్వారము ప్రక్కనున్న బల్లవద్ద ఇచ్చి పోవచ్చును.